ఎక్కడిదాకా వచ్చినవ్?

మా ఇంట్లో పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఎక్కువసార్లు వినిపించే మాట ఏమిటో చెప్పుకోండి చూద్దాం. "అన్నం తిన్నవా?" అనుకుంటున్నారేమో. కాదు. "ఎక్కడిదాకా వచ్చినవ్?"

మావారి ఆఫీసుకూ మా ఇంటికీ నాలుగు కిలోమీటర్లు. మా కరీంనగర్‌లో ఎంత నింపాదిగా వచ్చినా పావుగంట ప్రయాణం. ఆ పావుగంటలో నేను కనీసం రెండుసార్లు ఫోను చేస్తాను. బయలుదేరారా అని ఒకసారి, ఎక్కడిదాకా వచ్చారు అని ఒకసారి. "ఎందుకే నీకీ ఆరాటం?" అని ఆయన విసుక్కుంటే, చారుకు పోపు పెట్టాలా వద్దా తెలియాలి గదా అని దబాయిస్తాను. నిజం చెప్పొద్దూ, చారుకూ నా ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదు. అడిగాక జవాబు రావాలి. వచ్చిందా, ప్రాణం కుదుటపడుతుంది. రాలేదా, మళ్లీ అడగాలి.

మీ ఇంట్లో ఇలాంటిదేం లేదంటారా? అయితే మీరు అదృష్టవంతులు. ఈ పేజీ తిప్పేసి వంటల పేజీకి వెళ్లిపోండి, నేనేమీ అనుకోను.

మా అమ్మకు ఈ ప్రశ్న తెలియదు. బాపు ఉట్నూరు దిక్కు బడిపంతులు, మేమేమో జగిత్యాలలో. శనివారం బడి వదిలాక బస్సెక్కితే జన్నారం అడవి దాటి, లక్సెట్టిపేట మీదుగా, రాయపట్నం దగ్గర గోదారి దాటి, ధర్మపురి దాటి ఇల్లు చేరేసరికి ఏ రాత్రవుతుందో చెప్పలేం. వానాకాలంలో గోదారి పొంగితే ఆ వారానికి రానట్టే. వచ్చేదీ రానిదీ అమ్మకు చెప్పేదెవరు? అన్నం గిన్నె మీద మూత పెట్టి అరుగు మీద కూర్చునేది. పక్కింటి అవ్వ చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూ తోడుండేది. బాపు వాకిట్లోకి వచ్చి చెప్పులు విడిచాక ఎక్కడిదాకా వచ్చినవ్ అని అడగడానికి ఇంకేముంది? "కాళ్లు కడుక్కో" అనేది అమ్మ. అంతే. సోమవారం తిరిగి వెళ్లాక "క్షేమంగా చేరినాను" అని ఒక కార్డు ముక్క మూడో రోజుకో నాలుగో రోజుకో వచ్చేది. ఆ మూడు రోజులూ అమ్మ భయపడలేదని నేననను. కానీ ఆ భయం అమ్మ దగ్గరే, అరుగు మీదే ఉండేది. నడుస్తున్న బస్సు దాకా వెళ్లేది కాదు.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను మాట 1995 జులై 31న కలకత్తాకూ ఢిల్లీకీ మధ్య నడిచింది. మా ఇళ్లలోకి ఆ ఫోను రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. వచ్చాక మన భయానికి కాళ్లొచ్చాయి. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. ఆ ప్రమాదంతో ఫోనుకు ఏ సంబంధమూ లేదు లెండి. కిక్కిరిసిన బస్సు, దిగుడు రోడ్డు. కానీ ఆ రోజు నుంచి మా దిక్కు ఆడవాళ్లకు ఎవరు గడప దాటినా ఒకటే గుబులు. మేం కొత్త బండి కొంటే పూజ చేయించేది ఆ కొండగట్టు అంజన్న దగ్గరే. ఆయన గుట్ట దిగుతూనే అట్లా జరిగితే ఇంక ఏ రోడ్డును నమ్మాలి?

మా తమ్ముడి మోటారుసైకిలుకూ అక్కడే పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం, హ్యాండిలుకు దారం కట్టించాం. వాడి జేబులో ఉన్న ఫోను సంగతి మాత్రం మాకెవరికీ తోచలేదు.

తమ్ముడి సంగతి చెప్పేముందు మనం చెప్పుకునే గొప్ప ఒకటుంది, అది కాస్త చూడాలి. ఒక్కసారే పది పనులు చేస్తామని మన ఆడవాళ్లకు పేరు. ఒక పొయ్యి మీద పాలు, ఒక పొయ్యి మీద పప్పు, చెవి దగ్గర ఫోనులో ఆడపడుచు, కాలి దగ్గర హోంవర్కు చేసే పిల్ల. "మాది రోజూ అష్టావధానమే" అని నేనూ మురుసుకునేదాన్ని. ఒకసారి నిజం అష్టావధానం చూశాక తెలిసింది అదేమిటో. అవధానిగారి చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు ఫలానా అక్షరం వాడొద్దంటారు, ఒకరు మధ్యమధ్య గంట కొడుతుంటారు, ఎన్ని గంటలు కొట్టారో ఆఖరున చెప్పాలి. అందరిలోకీ నాకు నచ్చిన మనిషి అప్రస్తుత ప్రసంగి. ఆయన పనల్లా పద్యం నడుస్తుండగా అడ్డు తగలడమే. "అవధానిగారూ, ఇవాళ మీ ఇంట్లో వంట మీరు చేశారా, మీ ఆవిడ చేశారా?" అని అడిగారు ఆ రోజు. సభంతా ఘొల్లుమంది. అవధానిగారు దానికో చమత్కారమైన జవాబు చెప్పి, ఆగిపోయిన పాదం దగ్గరికి మళ్లీ వెళ్లారు.

ఎట్లా వెళ్లగలిగారంటారా? ఆయన ధారణ గొప్పదే. కానీ ఆయన తిరిగి వచ్చేదాకా పద్యం కదలకుండా అక్కడే కూర్చుని ఉంటుంది. మన పాలూ అంతే. పొంగితే పొయ్యి తుడుచుకుంటాం, పప్పు మాడితే ఆ పూట పచ్చడితో సరిపెట్టుకుంటాం.

రోడ్డు కూర్చోదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. జేబులోంచి ఫోను తీసి, అక్క ఏం రాసిందో చదివి, సరే అని కొట్టడానికి 5 సెకన్లు వేసుకోండి. 80 మీటర్ల దూరం కళ్లు మూసుకుని నడిపినట్టే. మా వీధి ఈ మూల నుంచి ఆ మూలకు అంత ఉండదు. చేతిలో పట్టుకుంటేనే తప్పు, చెవికి తగిలించుకుంటే ఏం కాదు అనేవాళ్లున్నారు. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ సంగతే పరీక్షించి 2006లో ప్రకటించారు. రోడ్డు మీద కాదు, అచ్చం కారులాంటి యంత్రంలో మనుషుల్ని కూర్చోబెట్టి, మందు తాగినప్పుడు ఎట్లా నడుపుతారో ఫోను మాట్లాడేటప్పుడు ఎట్లా నడుపుతారో పోల్చి చూశారు. ఫోను మాటలు మందుకేం తీసిపోలేదు. చేత్తో పట్టుకున్నా, చెవికి తగిలించుకున్నా తేడా కనిపించలేదు. చెయ్యి ఖాళీగానే ఉంటుంది, కన్ను రోడ్డు మీదే ఉంటుంది, మనసు మాత్రం ఫోను అవతలి మనిషి ఇంట్లో కూర్చుని ఉంటుంది.

తాగినవాడి దగ్గర వాసనైనా వస్తుంది. ఫోనుకు అదీ లేదు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో ఫోను వల్ల అని రాసుకున్నవి 3,395 ప్రాణాలు. వందకు రెండు. నాకు ఈ రెండు నమ్మబుద్ధి కాదు. లెక్క రాసినవాళ్లను నేనేమీ అనడం లేదు. నేను ఫోను చూస్తున్నాను అని ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి? మా తమ్ముడు ఒప్పుకున్నాడా?

కొన్నేళ్ల కిందట సద్దుల బతుకమ్మ రోజు. తమ్ముడి ఉద్యోగం మంచిర్యాలలో. మరదలూ పిల్లలూ ముందురోజే బస్సులో వచ్చేశారు. వాడు పొద్దున బండి మీద బయలుదేరాడు. గోదావరిఖని, పెద్దపల్లి, సుల్తానాబాద్ మీదుగా రాజీవ్ రహదారి. ఇక్కడ మార్కెట్‌లో బంతిపూలు గుట్టలుగా ఉన్నాయి గాని తంగేడు చూద్దామంటే లేదు. తంగేడు లేని బతుకమ్మేమిటి? "దారిలో తంగేడు కనిపిస్తే కోసుకురా" అని తమ్ముడికి మెసేజి పెట్టాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు. "గునుగు కూడా" అని ఇంకోటి. ఐదు నిమిషాలాగి "ఎక్కడిదాకా వచ్చినవ్?" అని మూడోది.

అప్పుడు వాడి పేరు కింద "టైపింగ్" అని వచ్చింది. నువ్వులు దంచుతున్న చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను పట్టుకుని నిలబడ్డాను. టైపింగ్... టైపింగ్... ఆగిపోయింది. సిగ్నలు పోయినట్టుందిలే అనుకుని మళ్లీ రోలు దగ్గరికి పోయాను.

వాడు బండి మీద ఉన్నాడని నాకు తెలుసు. వేళ్లతో అక్షరాలు కొడుతున్నాడని నా కళ్లతో నేను చూస్తున్నాను. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసే ఇంగితం నాకు ఆ నిమిషంలో లేకపోయింది. బి.ఏ. చదివాను, నవలలు రాస్తాను, పాత్రల మనసుల్లో ఏముందో పేజీల కొద్దీ రాస్తాను!

గంట తర్వాత ఫోను వచ్చింది. తమ్ముడికి మోచేయి చీరుకుపోయింది, అంతే. సైకిలు మీద గడ్డిమోపు పెట్టుకుని రోడ్డు పక్కన తోసుకుంటూ పోతున్న ఒక ముసలాయనకు తుంటి ఎముక విరిగింది. మేం ఆస్పత్రికి చేరేసరికి తమ్ముడు గోడకానుకుని కూర్చున్నాడు. "గొర్రె అడ్డమొచ్చిందక్కా. తప్పియ్యబోతే..." అన్నాడు, నా మొహం చూడకుండా. రోడ్డు పక్కన నిజంగానే గొర్లమంద ఉంది. అందరూ నమ్మారు. మరదలికి ఫోను చెయ్యమని వాడు తన ఫోను నా చేతికిచ్చాడు. తెరిచి చూస్తే నా మెసేజీలే. వాటి కింద పంపకుండా మిగిలిపోయిన మాట ఒకటి. "సుల్తా".

సుల్తానాబాద్ అని రాయబోయాడు. ఎక్కడిదాకా వచ్చినవ్ అని అక్క అడిగింది మరి.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ రెండక్షరాలూ చెరిపేశాను. చెరిపి, మరదలికి ఫోను చేసి, గొర్రె అడ్డమొచ్చిందట అని చెప్పాను.

కేసూ గీసూ వద్దని ఊళ్లో పెద్దమనుషుల ముందు కూర్చున్నారు. నేను వెళ్లలేదు, మావారు వెళ్లారు. ఆస్పత్రి ఖర్చంతా తమ్ముడు పెట్టుకోవాలి, మందను రోడ్డు మీదికి తోలినందుకు గొర్లు కాసే అతను ఐదు వేలు ఇచ్చుకోవాలి అని తీర్పు అయింది. "నా గొర్రె రోడ్డెక్కలేదు" అని అతను మొత్తుకున్నాడట. ప్యాంటూ షర్టూ వేసుకున్న ఉద్యోగస్తుడి మాట ఒక పక్క, మట్టి పంచె అతని మాట ఒక పక్క. ఏది తూగుతుందో మీకు నేను చెప్పాలా?

నెల తిరిగాక పండ్లు పట్టుకుని ముసలాయనను చూడబోయాను. మంచంలో ఉన్నాడు. వాళ్ల అవ్వ పీట వేసి కూర్చోబెట్టింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక చెప్పింది. ఆ గొర్లతను పరాయివాడు కాదు, ముసలాయనకు సొంత చెల్లెలి కొడుకు. "ఐదువేలకు రెండు గొర్లు అమ్ముకున్నడు బిడ్డా. ఇగ మా వాకిట్లకు వస్తలేడు. ఆయినకు నీళ్లు పోసేటోడు, గడ్డం గీసేటోడు వాడే" అంది. నేను పండ్లు అక్కడ పెట్టి, ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

అప్పటినుంచి నాలో నాకే వాదన. నేనేం చేశాను? పూలు తెమ్మన్నాను. తమ్ముణ్ణి అక్క పూలడగడం నేరమా? బండి ఆపి చూడమని వాడికి బుద్ధుండొద్దూ? చట్టం కూడా నా పక్కనే ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం చేతిలో ఫోనుతో బండి నడపడం ప్రమాదకరంగా నడపడం కిందికే వస్తుంది. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదంటే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, రెండూ పడినా పడొచ్చు. ఇదంతా నడిపేవాడి సంగతి. వంటింట్లో నిలబడి మెసేజి పెట్టిన అక్క ఊసు అందులో లేదు.

ఆ ఊసెత్తిన కోర్టు ఒకటుంది, ఎక్కడో అమెరికాలో, న్యూజెర్సీలో. 2009లో అక్కడ ఒక కుర్రవాడు పికప్ ట్రక్కు నడుపుతూ మెసేజీల్లో పడి, మోటారుసైకిలు మీద వస్తున్న భార్యాభర్తలను గుద్దాడు. ఇద్దరికీ చెరో కాలు పోయింది. వాళ్లు కుర్రవాడి మీదే కాదు, అతనికి మెసేజి పంపిన అమ్మాయి మీద కూడా దావా వేశారు. 2013లో పై కోర్టు ఆ అమ్మాయిని వదిలేసింది. అతను నడుపుతూ చదువుతాడని ఆమెకు తెలిసినట్టు రుజువు కాలేదు గనక. కానీ తెలిసి పంపితే పంపినవాళ్లకూ బాధ్యత ఉండొచ్చునంది. ఆ తీర్పు సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ అమ్మాయికి తెలియదు. నాకు తెలుసు. "టైపింగ్" అని తెర మీదే కనిపించింది గదా!

2014 జులై 24 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైలు గేటు మీద బడి బస్సును నాందేడ్–సికింద్రాబాద్ పాసింజరు గుద్దింది. పదిహేనుకు పైగా ప్రాణాలు, దాదాపు అందరూ పసివాళ్లే. డ్రైవరు ఫోను మాట్లాడుతున్నాడని బతికిన పిల్లలు చెప్పినట్టు పేపర్లలో చదివాం. ఆ డ్రైవరూ బతకలేదు. పేపరు చేతిలో పట్టుకుని ఏడుస్తూ నేను అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఫోనన్నాక దానికి రెండు కొసలుంటాయని నాకు ఆ రోజు తోచలేదు.

ఇంకో మాట కూడా తోచలేదు. అప్పటికి నేనే ఎన్నిసార్లు, నడుపుతున్న మావారికి, తమ్ముడికి, ఆటోలో మా పిల్లను తెచ్చే అబ్బాయికి ఫోను చేసి ఉంటాను? వందలసార్లు. ఏమీ కాలేదు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అని ఇద్దరు తత్వవేత్తలు జంటగా వ్యాసాలు రాశారు, నీతిలో అదృష్టం పాలు ఎంత అని. నేగెల్ చెప్పిన ఉదాహరణ కూడా డ్రైవరుదే. బ్రేకులు చూపించుకోకుండా బండి తీశాడు. దారిలో ఎవరూ అడ్డం రాకపోతే ఇంటికి పోయి హాయిగా పడుకుంటాడు. ఒక పిల్ల అడ్డం వస్తే జన్మంతా హంతకుడినని కుమిలిపోతాడు. చేసిన తప్పు రెండుచోట్లా ఒకటే గదా, తేడా ఎక్కడినుంచి వచ్చింది అని ప్రశ్న. ఆయన దాన్ని తెగ్గొట్టి చెప్పలేదు. నా మటుకు నాకు అనిపించేదేమిటంటే, తప్పు రెండుచోట్లా ఒకటే. ఆ వందల రోజులూ నేను మంచిదాన్నేమీ కాదు, నాకు ముసలాయన ఎదురు రాలేదు, అంతే. కానీ బాకీ ఒకటి కాదు. ఎదురు వచ్చిన రోజున ఒక మనిషి ఉన్నాడు, అతనికి ఒక తుంటి ఉంది, ఇల్లుంది, మేనల్లుడున్నాడు. తప్పును అదృష్టం మీద తోసెయ్యొచ్చు గాని, మంచంలో ఉన్న మనిషిని ఎక్కడికి తోసేస్తాం?

దశరథుడి కథ మనకందరికీ తెలుసు. నాకూ చిన్నప్పటినుంచీ తెలుసు, కానీ ఇప్పుడు వేరేగా వినిపిస్తోంది. సరయూ ఒడ్డున చీకట్లో కుండలో నీళ్లు నిండే బుడబుడ చప్పుడు విన్నాడు. ఏనుగనుకున్నాడు. చూడకుండా, చప్పుడు మీదికే బాణం వేశాడు. శబ్దవేధి అని దానికి గొప్ప పేరు, అది తనకు వచ్చునని ఆయనకు గర్వం. చప్పుడు వినపడగానే చెయ్యి ఆగకపోవడం అనే జబ్బు ఎంత పాతదో చూడండి. అయితే నన్ను పట్టుకున్నది అది కాదు. తర్వాతి సంగతి. అడవి, చీకటి, చూసినవాళ్లు లేరు. ఆ పిల్లవాడి తల్లిదండ్రులు గుడ్డివాళ్లు. దశరథుడు రథమెక్కి వెళ్లిపోతే అడిగేవాళ్లు లేరు. గొర్రె అడ్డమొచ్చిందనాల్సిన అవసరం కూడా లేదు. కానీ ఆయన ఆ కుండ నింపుకుని, వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లి, చేసింది నేనని చెప్పాడు. నువ్వే వచ్చి చెప్పావు గనక సరిపోయింది, చెప్పకపోతే నీ తల ముక్కలయ్యేదని ఆ ముసలి తండ్రి అంటాడు. శాపం ఎట్లాగూ పడింది. చెప్పినందువల్ల అది తప్పలేదు.

రెండోసారి వెళ్లాను. ముసలాయన అప్పటికి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. కూర్చుని, ఊపిరి బిగబట్టి చెప్పేశాను. "అవ్వా, గొర్రె రాలేదు. మా తమ్ముడు ఫోను చూసుకుంట వచ్చిండు. మెసేజి పెట్టింది నేనే."

అవ్వ ఆశ్చర్యపోతుందనుకున్నాను. చేట పక్కన పెట్టింది. "మాకెర్కే బిడ్డా" అంది. "సెల్లు సూసుకుంట అచ్చిండని ఈయిన ఆ రోజే చెప్పిండు. ఎవలు విన్నరు? నొప్పికి ఏదో అంటున్నడు అన్నరు."

నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్లూ నేనేదో దాచాననుకున్నాను. వాళ్ల దగ్గర నేను దాచింది ఏమీ లేదు.

"పువ్వుల కోసమని రాసిన తాతా" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"ఏం పువ్వు?" అన్నాడాయన.

"తంగేడు."

"తంగేడా? మా చెలుక గట్టు పొంటి మస్తుండె. నన్నడిగితే నేనే కోసిద్దును" అన్నాడు. వెక్కిరించడానికి అనలేదు. మామూలుగానే అన్నాడు.

అవ్వ మాత్రం నన్ను వదల్లేదు. "నాకు చెప్తే ఏమొస్తది? పోరడు రెండు గొర్లు అమ్ముకునె. నలుగుట్ల చెప్పు" అంది. నిజమే గదా. ఏడ్చి, చెయ్యి పట్టుకుని, మనసు తేలిక చేసుకుని పోదామని వచ్చాను నేను. ఆమెకు నా మనసుతో పనేముంది?

తమ్ముడికి చెప్పాను, ఇద్దరం పోయి చెబుదాం రమ్మని. "అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుతవక్కా? ఆస్పత్రికి ఎంత పెట్టిన్నో నీకెర్క లేదా? రేపు కేసు పెడితే నా ఉద్యోగం ఎవరిస్తరు? నువ్విస్తవా?" అన్నాడు. వాడి భయమూ అబద్ధం కాదు. పిల్లలున్నవాడు. మరదలు నాకేసి చూసిన చూపు నేనిప్పటికీ మరిచిపోలేదు. అక్కగా ఏది ధర్మమో నాకు ఈ రోజుకూ పూర్తిగా తెలియదు. వాడి తప్పు వాడు చెప్పుకోవాలి, నేను చెప్పడం అన్యాయమే కావచ్చు. కానీ అందులో నా తప్పు కూడా ఉంది, ఒకటి విప్పితే రెండోది విడిపోతుంది.

ఆఖరుకు మావారిని తోడు తీసుకుని నేనే వెళ్లాను. పెద్దమనుషుల ముందు నిలబడి నా మూడు మెసేజీల సంగతీ, తెర మీద చూసిందీ, ఆస్పత్రిలో చెరిపిందీ చెప్పాను. ఒకాయన నవ్వాడు. "గింత దానికి ఇంత దూరం వచ్చినవా అమ్మా" అన్నాడు. గొర్లు కాసే అతను నవ్వలేదు. మేమిచ్చిన డబ్బు, అతని ఐదు వేలకు ఇంకో ఐదు కలిపి ఇచ్చాం, అక్కడే లెక్కపెట్టుకున్నాడు. ఐదు ఉంచుకుని ఐదు తిరిగి ఇచ్చేశాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మేనమామ ఇంటికి మళ్లీ పోతున్నాడో లేదో నేను అడగలేదు.

కేసు ఎవరూ పెట్టలేదు. తమ్ముడు మాత్రం ఏడాది దాకా నాతో మాట్లాడలేదు. రాఖీ పోస్టులో పంపాను.

ఆ మరుసటి బతుకమ్మకు పిల్లల్ని తీసుకుని మరదలు ముందురోజే వచ్చింది. "ఆయిన రేపు వస్తరట వదినె" అంది. ఎప్పుడు బయలుదేరుతాడో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. పొద్దున నా ఫోను తీసి బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టాను. సత్తుపిండి చేశాను, పులిహోర కలిపాను. పది దాటింది. పదకొండు దాటింది. ఎన్నిసార్లు బియ్యం డబ్బా దాకా పోయి వచ్చానో లెక్క లేదు. అమ్మ అరుగు మీద ఎట్లా కూర్చునేదో అప్పుడు తెలిసింది. మాకు అరుగు లేదు, అపార్ట్‌మెంటు మెట్ల మీద కూర్చున్నాను.

పన్నెండున్నరకు గేటు దగ్గర బండి చప్పుడైంది. తమ్ముడు హెల్మెట్ తీసి, హ్యాండిలుకు తగిలించిన సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. సంచి నిండా తంగేడు, పైన కొంచెం గునుగు. నా మొహం చూడలేదు, నేనూ ఏమీ అనలేకపోయాను. కాసేపటికి నోట్లోంచి వచ్చిందేమిటంటే, "కాళ్లు కడుక్కో" అని.